అంటరాని పేరుతోనే పత్రిక పెట్టినవాడు: స్వామి అఛూతానంద్

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)

 

నన్ను పత్రికల గురించి మాట్లాడమన్నారు. కూలికి పోయేవాళ్లం, మాకు పత్రికతో పనేంటి అని వెనక కూర్చున్న పెద్దమ్మలు అనుకుంటా ఉండొచ్చు. అందుకని ముందు నా సొంత సంగతి ఒకటి చెప్పి, తర్వాత అసలు మనిషి కథలోకి వస్తాను.

నాకు ఇరవై ఏళ్లప్పుడు మా ఊరి టీ కొట్లో రెండు గ్లాసులుండేవి. ఊళ్లోవాళ్లకి గాజు గ్లాసులు, లోపల బల్ల మీద. మా వాడవాళ్లకి సత్తు గ్లాసులు, బయట చూరులో దోపి ఉండేవి. మేమే తీసుకోవాలి, తాగి మేమే కడగాలి, మళ్లీ చూరులోనే దోపాలి. అప్పుడే కాలేజీలో చేరిన రోజులు. నాకు కడుపు మండింది. నాలుగు పేజీలు రాసుకుని ఒక పెద్ద పత్రిక విలేఖరి దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన చెడ్డవాడేం కాదు, కూర్చోమన్నాడు, మొత్తం చదివాడు. చదివి ఏమన్నాడో తెలుసా? "ఇది వార్త కాదు బాబూ. ఎప్పుడూ ఉండేదేగా! గొడవేమన్నా జరిగితే చెప్పు, రాస్తాను" అన్నాడు.

ఆ మాట నేను ఇప్పటికీ మరవలేదు. అంటే మన తల పగిలితే వార్త. మన గ్లాసు చూరులో ఉంటే వార్త కాదు. వెయ్యేళ్ల నుంచి జరిగేది వార్త ఎట్లవుతుంది? మన బతుకే వాళ్లకి పాత సంగతి. కారంచేడులో 1985 జూలై 17న మనోళ్లని వెంటాడి చంపితేగాని కారంచేడు అనే పేరు పత్రికల్లో కనపడలేదు. 1991 ఆగస్టు 6న చుండూరు పొలాల్లో నెత్తురు పారితేగాని చుండూరు ఎక్కడుందో దేశానికి తెలియలేదు. అంతకుముందు ఆ ఊళ్లల్లో ఏళ్ల తరబడి జరిగిందంతా 'ఎప్పుడూ ఉండేదే'.

ఈ రోగానికి మందు వెతుక్కున్న ఒక మనిషి గురించి ఇవాళ చెప్తాను. ఆయన మన తెలుగువాడు కాదు. ఉత్తరప్రదేశ్ మనిషి, హిందీలో రాశాడు. పత్రికలు నడిపాడు, పాటలు కట్టాడు, నాటకాలు రాశాడు. పేరు స్వామి అఛూతానంద్. మన దగ్గర కొందరు అచ్యుతానంద అని దిద్దుతారు. వద్దు, దిద్దొద్దు. అచ్యుతుడంటే విష్ణువు. ఈయన పేరులో ఉన్నది విష్ణువు కాదు, అఛూత్. అఛూత్ అంటే హిందీలో అంటరానివాడు. ఆ పేరు ఆయన కావాలని పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో తెలిస్తే ఆయన జీవితమంతా తెలిసినట్టే.

మూడు పేర్ల మనిషి

ఆయన 1879లో చమార్ కులంలో పుట్టాడు. చమార్లంటే తోలు పని కులం, మన మాదిగల్లాగా. తల్లిదండ్రులు పెట్టిన పేరు హీరాలాల్. ఇంటివాళ్లు సైన్యంలో కొలువు చేశారు కాబట్టి పిల్లవాడు కంటోన్మెంటులో పెరిగాడు, మిషనరీల దగ్గర చదువుకున్నాడు. ఇక్కడొక సంగతి గమనించండి. అంబేడ్కర్ తండ్రి రాంజీ కూడా సైన్యంలో సుబేదారే. ఊరి బడి మనల్ని వాకిట్లో కూర్చోబెట్టిన కాలంలో, మనవాళ్లలో నలుగురికి అక్షరం దొరికింది కంటోన్మెంటులోనో మిషను బడిలోనో. ఊరు పెట్టిన అక్షరం కాదది.

చదువుకున్న హీరాలాల్ 1905 ప్రాంతంలో ఆర్యసమాజంలో చేరాడు. వాళ్లు కులం పుట్టుకతో రాదన్నారు, వేదం అందరిదీ అన్నారు. వినడానికి బాగానే ఉంది గదా! ఆయన నమ్మాడు. హరిహరానంద్ అనే పేరుతో స్వామి అయ్యాడు, వాళ్ల తరఫున ఊళ్లు తిరిగి ప్రచారం చేశాడు. ఏడేళ్లు చేశాడు. చేస్తా చేస్తా ఆయనకొక అనుమానం వచ్చింది. వాళ్లు మనకు చేసేదాని పేరు 'శుద్ధి'. శుద్ధి చేస్తున్నారంటే ముందు మనం మైలవాళ్లమని ఒప్పుకున్నట్టేగా? స్నానం చేయించి మంత్రం చెప్పి జంధ్యం వేస్తారు. మర్నాడు బావి దగ్గర మాత్రం పాత కులమే. మనోళ్లు ముస్లింలలోకి, క్రైస్తవుల్లోకి పోతే హిందువుల లెక్క తగ్గుతుందనే బెంగ తప్ప మన మీద ప్రేమ కాదిది అని ఆయనకు అర్థమైంది. 1912లో బయటికొచ్చాడు.

బయటికొచ్చి పేరు మార్చుకున్నాడు. హరిహరానంద్ పోయి అఛూతానంద్ అయ్యాడు. ఆ మాటకు ఆయన చెప్పుకున్న అర్థం చూడండి. ఛూత్ అంటే అంటు, మైల. 'అ' అంటే లేదని. అఛూత్ అంటే అంటు లేనివాడు, మైల లేనివాడు! మీరు అంటరానివాడంటే నేను అంటు లేనివాడినంటాను అన్నాడు. ఎదుటివాడు మొహాన కొట్టిన తిట్టును చేత్తో పట్టుకుని, కడిగి, జెండా చేసి ఎగరేశాడు. కర్ర వాడిదే, పట్టుకున్న చెయ్యి మారింది.

మన హైదరాబాదులో మాదరి భాగయ్య కథ కూడా కొంత ఇట్లాంటిదే. భాగ్యరెడ్డి వర్మ అని మనం చెప్పుకునే ఆయన పేరులో ఆ 'వర్మ' ఆర్యసమాజం వాళ్లిచ్చిన బిరుదే. ఆయన కూడా ఆ బిరుదు దగ్గర ఆగిపోలేదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పెడితే దానికి అధ్యక్షుడుగా వెళ్లి, మేం పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అన్నాడు. ఆ సభకే ఆది ఆంధ్ర మహాసభ అని పేరు మారింది. అక్కడ కాన్పూరులో అఛూతానంద్ ఆది హిందువులం అన్నాడు. 1926లో పంజాబులో మంగూరాం ఆది ధర్మం అన్నాడు. తమిళ నేలలో అప్పటికే ఆది ద్రావిడులు అనే మాట ఉంది. నాలుగు దిక్కులా ఒకటే మాట: ఊరి బయట ఉన్నోళ్లమే ఊరికి మొదటోళ్లం.

పత్రిక ఎందుకు?

ఇప్పుడు పత్రిక దగ్గరికి వద్దాం. హిందీలో అప్పటికి పెద్ద పత్రికలున్నాయి. మహావీర్ ప్రసాద్ ద్వివేది సంపాదకుడుగా ఉన్న 'సరస్వతి' అనే పత్రికలో 1914 సెప్టెంబరులో హీరా డోమ్ అనే అంటరాని కవి భోజ్‌పురీలో రాసిన కవిత అచ్చయింది. దాని పేరుకు అర్థం 'అంటరానివాడి ఫిర్యాదు'. మంచిదే, వేసినందుకు ద్వివేదికి దండం పెడదాం. కానీ ఒక్కటే కవిత! ఒక జాతి దుఃఖానికి వాళ్లిచ్చిన జాగా ఒక్క పేజీ. అది కూడా ఫిర్యాదు. ఫిర్యాదంటే ఎవరికి చేస్తాం? మనకంటే పైవాడికి చేస్తాం. మన పత్రికలో మనం రాసుకుంటే అది ఫిర్యాదు కాదు, ప్రకటన. తేడా అక్కడుంది.

1920 జనవరి 31న బొంబాయిలో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టాడు. మూక్‌నాయక్ అంటే మూగవాళ్ల నాయకుడు. అది కూడా మన ఈ పత్రికలాగా పదిహేను రోజులకొకసారి వచ్చేది. దాని గురించి చిన్న ప్రకటన వేయండి, డబ్బులిస్తాం అని తిలక్ గారి 'కేసరి' పత్రికకు పంపితే వాళ్లు వేయలేదు. స్వరాజ్యం నా జన్మహక్కు అన్న ఆయన పత్రిక అది! అంటరానివాడి పత్రిక ఉందని చెప్పడానికి, డబ్బులకు కూడా జాగా లేదంది.

అదే రోజుల్లో అఛూతానంద్ కూడా అదే దారి పట్టాడు. 1922లో ఇంగ్లండు యువరాజు ఢిల్లీ వచ్చినప్పుడు అంటరాని జనాన్ని పోగేసి సభ పెట్టి కోర్కెలు వినిపించాడు. ఆ దరిదాపుల్లోనే ఢిల్లీ నుంచి 'అఛూత్' అనే పత్రిక తెచ్చాడు. తర్వాత కాన్పూరు చేరాడు. కాన్పూరంటే మిల్లులు, తోలు ఫ్యాక్టరీలు. పల్లెల్లో వెట్టి చేయలేక, కూలి గిట్టక మనోళ్లు ఆ పట్నానికి వలస పోయి తోలు పని, పాకీ పని, మిల్లు పని చేస్తున్నారు. నెల కాగానే చేతికి నాలుగు డబ్బులొస్తాయి. దొర ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడే పని లేదు. ఆ జనం మధ్య కూర్చుని ప్రెస్సు పెట్టాడు, 'ఆది హిందూ' పత్రిక నడిపాడు.

అదే కాన్పూరులో 1913 నుంచి గణేశ్ శంకర్ విద్యార్థి నడిపిన 'ప్రతాప్' పత్రిక ఉంది. గొప్ప పత్రిక. రైతుల కోసం, కూలీల కోసం రాసి విద్యార్థి జైళ్లకు పోయాడు. 1931లో మత కల్లోలాన్ని ఆపబోయి ప్రాణమిచ్చాడు. ఆయనను నేను తక్కువ చేయను. కానీ హిందీ పత్రికల చరిత్ర రాసేవాళ్లు ప్రతాప్‌కు అధ్యాయాలు రాస్తారు. అదే ఊళ్లో, అదే ఏళ్లలో వచ్చిన ఆది హిందూకు ఒక వాక్యం దొరికితే గొప్ప. ఎందుకని? వెనక చెప్తాను.

చదువు రానివాళ్లకు పత్రిక ఎట్లా?

అమ్మా, ఇప్పుడు నీ ప్రశ్నకొస్తున్నా. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో మనోళ్లలో చదవగలిగినవాడు వందకొకడు దొరకడం కూడా కష్టమే. మరి పత్రిక ఎవరికోసం? అఛూతానంద్‌కు ఈ సంగతి తెలియదా? తెలుసు. అందుకే ఆయన పెద్ద పెద్ద వ్యాసాల మీదే ఆధారపడలేదు. భజన బాణీలో రాశాడు, గజల్ బాణీలో రాశాడు, కవ్వాలీ బాణీలో రాశాడు. ఒకడు చదువుతాడు, పదిమంది వింటారు. పాటైతే రెండోసారికే నోటికొస్తుంది. పత్రిక ఒక్క కాపీ వస్తే చాలు, పాట బస్తీ మొత్తం తిరుగుతుంది. కబీరు, రవిదాసు మన జనం నోళ్లలో వందల ఏళ్లు బతికింది అట్లాగే గదా. రవిదాసు మన తోలు పని మనిషే. ఆ సంతులను ఆది హిందువుల గురువులుగా ఆయన నిలబెట్టాడు. మనుస్మృతి ఇంకా మనల్ని ఎట్లా కాలుస్తున్నదో కూడా పాటలోనే చెప్పాడు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ ఆ మనుస్మృతినే నిప్పుల్లో వేశాడు.

నాటకాలు కూడా రాశాడు. ఒకటి శంబూకుడి మీద. శంబూకుడు తెలుసుగా? శూద్రుడై ఉండి తపస్సు చేశాడని రాముడు తల నరికిన మనిషి. రామరాజ్యం రావాలని పెద్దలు ఊరూరా చెప్తున్న రోజుల్లో, ఆ రామరాజ్యంలో న్యాయం ఎట్లా ఉండేదో చూడండి అని ఆ నాటకానికి 'రామరాజ్య న్యాయం' అనే పేరు పెట్టాడు. మన తెలుగులో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' 1920లోనే వచ్చింది. రామస్వామి చౌదరి రైతు కులం మనిషి. శంబూకుడు ఆయనకు వాదం. అఛూతానంద్‌కు మాత్రం శంబూకుడు సొంత తాత. ఒకే కథ, కానీ చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెప్తున్నాడో దాన్నిబట్టి బరువు మారుతుంది.

దొరల తొత్తు అన్నారు

ఇట్లా రాస్తే ఊరుకుంటారా? బ్రిటిషోడి తొత్తు అన్నారు. యువరాజుకు స్వాగతం చెప్పాడన్నారు. 1928లో సైమన్ కమిషన్‌ను దేశమంతా బహిష్కరిస్తుంటే లక్నోలో దాని ముందుకు పోయి మాట్లాడాడన్నారు. నిజమే, మాట్లాడాడు. దాచాల్సిన పనిలేదు. ఏమడిగాడు? చదువులడిగాడు, కొలువులడిగాడు, చట్టసభల్లో మన మనిషి మన ఓటుతో కూర్చోవాలన్నాడు. ఊళ్లో బావి దగ్గరికి రానివ్వనివాడు, నా జెండా కింద నిలబడి తెల్లోడిని తిట్టు అంటే ఎట్లా? ముందు బావి సంగతి తేల్చు అన్నాడు. అంతే.

అయితే మనం కూడా కళ్లు తెరిచి మాట్లాడుకోవాలి. తెల్లోడు మన కోసం రాలేదు, వాడి లాభం కోసం వచ్చాడు. వాడు మన కోర్కెల కాగితాలు తీసుకున్నాడు గానీ భూమి భూస్వామి చేతిలోనే ఉంచాడు. ఆ నమ్మకంలో ఉన్న బలహీనత ఉన్నదే. అట్లాగే ఆర్యులు బయటినుంచి వచ్చి మన రాజ్యం గుంజుకున్నారు, మనం వేరే జాతి అన్న వాదం ఆ రోజుల్లో మనోళ్లకు వెన్నెముకనిచ్చింది. కానీ అంబేడ్కరే 1948లో అచ్చయిన 'అంటరానివారు' పుస్తకంలో, అంటరానితనానికి జాతి తేడా కారణం కాదని తేల్చాడు. మన పెద్దలను గౌరవించడమంటే వాళ్లు చెప్పిన ప్రతి మాటా వేదవాక్కు అనడం కాదు. వేదవాక్కులు వద్దనేగదా వాళ్లు బయటికొచ్చింది!

అంబేడ్కర్‌కు అఛూతానంద్ గట్టిగా అండ నిలిచాడు. అక్కడి ఆది హిందువులకూ మన హైదరాబాదుకూ చుట్టరికం కూడా ఉంది. 1930లో లక్నోలో జరిగిన ఆది హిందూ మహాసభకు మన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడుగా వెళ్లాడు. లండన్ రౌండ్ టేబుల్‌లో అంటరాని జనం తరఫున మాట్లాడాల్సింది అంబేడ్కరే అని అక్కడ అన్నారు. మరుసటి ఏడు 1931లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. చూశారా, ఎక్కడ మనోళ్లు లేచి నిలబడ్డారో అక్కడ సభ తర్వాత పెట్టిన రెండో పని పత్రికే.

1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. మన ఓటుతో మన మనిషిని ఎన్నుకునే హక్కు చేతిదాకా వచ్చి జారిపోయింది. మర్నాడు ఏడు 1933లో కాన్పూరులో అఛూతానంద్ పోయాడు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్లు.

పత్రిక రెండుసార్లు చస్తుంది

ఇందాక వెనక చెప్తానన్న సంగతి ఇప్పుడు చెప్తాను. మన పత్రిక రెండుసార్లు చస్తుంది. చందాలు రాక ఒకసారి. కాపీలు దాచక రెండోసారి. మొదటి చావు అందరికీ కనపడుతుంది. రెండో చావు ఎవరికీ కనపడదు.

పెద్ద పత్రికలను దాచడానికి పెద్ద లైబ్రరీలున్నాయి. వాళ్ల సంపాదకుల ఉత్తరాలు కూడా అద్దాల బీరువాల్లో ఉన్నాయి. మన పత్రిక కాగితం ఎక్కడికి పోయింది? పొట్లం కట్టడానికి పోయింది, చెదలకు పోయింది, కప్పు కారి తడిసి పోయింది. అఛూతానంద్ రాసినదాంట్లో ఇవాళ మనకు తెలిసింది ఎక్కువగా ఒక్క మనిషి పుణ్యం. లక్నోలో చంద్రికా ప్రసాద్ జిజ్ఞాసు అని ఒక వెనకబడిన కులం రచయిత ఉండేవాడు. బహుజన కల్యాణ్ ప్రకాశన్ అని పెట్టి చిన్న చిన్న పుస్తకాలు చవగ్గా అచ్చేసేవాడు. ఆయన అఛూతానంద్ జీవితం రాశాడు, పాటలు పోగుచేశాడు. ఆ ఒక్కడు పూనుకోకపోతే అఛూతానంద్ మనకు పేరు మాత్రమే. ప్రెస్సు పెట్టినవాడు ఎంత గొప్పవాడో కాగితం దాచినవాడు అంత గొప్పవాడు.

1995 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌కు మాయావతి ముఖ్యమంత్రి అయినప్పుడు, ఇదెక్కడి వింత అని పెద్ద పత్రికలు ముక్కు మీద వేలేసుకున్నాయి. వింతేముంది? 1984లో పార్టీ పెట్టకముందు నుంచే కాన్షీరాం ఉద్యోగులను కూడగట్టాడు, సొంత పత్రిక పెట్టాడు. ఆయన కూడా పెద్ద పత్రికలు మన మాట రాస్తాయని ఎదురుచూడలేదు. ఆ నేలను 1920లలో దున్నినవాడు అఛూతానంద్. దున్నినవాడిని మరిచి పంటను చూస్తే వింతగానే ఉంటుంది.

మనం చేయాల్సింది

ఇప్పుడు మీలో ఎందరి దగ్గర బొజ్జా తారకం గారు నడిపిన 'నలుపు' పక్షపత్రిక ఒక్క కాపీ ఉంది? చేతులెత్తండి. చూశారా? ముగ్గురు. ఇంత హాలులో ముగ్గురు! మనం కాన్పూరు వాళ్లను అనేదేముంది.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వాట్సాప్‌లో పెడుతున్నాం, చాలు గదా అంటారు కుర్రాళ్లు. పెట్టండి, వద్దనను. కానీ ఫోను పగిలితే ఆ మాట పోతుంది. నిరుడు పెట్టింది ఇవాళ నీకే దొరకదు. అందుకని నాలుగు పనులు చెప్తాను, రాసుకోండి.

ఒకటి, ప్రతి వాడలో పత్రిక వచ్చినరోజు సాయంత్రం ఒకరు పైకి చదవాలి. చదువుకున్న ఆడపిల్ల చదివితే ఇంకా మంచిది. రెండు, వార్త మనమే రాయాలి. ఊరి పేరు, తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు. ఈ నాలుగూ ఉంటే అది వార్తే. తప్పుల్లేకుండా రాయక్కర్లేదు, అబద్ధం లేకుండా రాస్తే చాలు. మూడు, చందా అడగడానికి సిగ్గుపడొద్దు. కూలోడు ఇచ్చిన పది రూపాయలతో నడిచే పత్రికకు కూలోడే యజమాని. నాలుగు, ప్రతి సంచిక రెండు కాపీలు అంబేడ్కర్ భవనంలో ఒక ఇనపపెట్టెలో వేసి తాళం పెట్టండి. మన పిల్లల పిల్లలకు అదే పట్టా.

చివరగా ఆ టీ కొట్టు సంగతి. పెద్ద పత్రిక వేయనంటే, మనోళ్లు నడిపే ఒక చిన్న పత్రిక దాన్ని పావు పేజీలో వేసింది. ఆ సంచికను నేను ఆ కొట్టు ముందే నిలబడి గట్టిగా చదివాను. ఒక కాపీ కలెక్టరాఫీసుకు పంపాం. కొట్టాయన నెలరోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత చూరులో గ్లాసులు పోయాయి, అందరికీ ఒకటే రకం గ్లాసు వచ్చింది. ఒక్క పావు పేజీ వల్లే అయిందని నేననను, వాడంతా కలిసి వారం రోజులు ఆ టీ మానేశాం కాబట్టి అయింది. కానీ మానేద్దామన్న మాట పుట్టింది మాత్రం ఆ పావు పేజీ చదివిన సాయంత్రం.

ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. మీకు చూపిద్దామని తెచ్చాను. చేతులు తుడుచుకుని, నలపకుండా ఒకరి తర్వాత ఒకరు చూసి మళ్లీ నాకివ్వండి.

జై భీమ్!